పొడవు మారే స్ట్రింగ్‌లను ప్రొసీజర్లకు పంపే విధానాలు

ప్రొసీజర్‌ను రాసేటప్పుడు దానికి రాబోయే స్ట్రింగ్ పొడవు తెలియదు. ఒకసారి రెండక్షరాల ఊరి పేరు రావచ్చు, మరోసారి రెండు పేజీల ఉత్తరం రావచ్చు. ఈ రెండింటితోనూ ఒకే ప్రొసీజర్ పనిచేయాలంటే స్ట్రింగ్ ఎక్కడుంది, ఎంత పొడవుంది, ఇంకా ఎంత చోటు మిగిలింది అన్న సమాచారం ఏదో ఒక రూపంలో దానికి చేరాలి. ఈ సమాచారాన్ని చేరవేయడానికి ప్రోగ్రామింగ్ భాషలు, కంపైలర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, డేటాబేస్‌లు చేసుకున్న ఏర్పాట్లను ఈ వ్యాసం వివరిస్తుంది.

1. నిర్వచనం, పరిభాష

స్ట్రింగ్ అంటే మెమరీలో వరుసగా అమరిన అక్షర సంకేతాల శ్రేణి. ప్రొసీజర్ అంటే పేరు పెట్టి విడిగా రాసుకుని, కావలసిన చోట కాల్ చేసే కోడ్ భాగం. దీన్ని ఫోర్ట్రాన్‌లో సబ్‌రొటీన్ అని, సీ భాషలో ఫంక్షన్ అని, జావాలో మెథడ్ అని అంటారు. ఇక్కడ అన్నింటికీ ప్రొసీజర్ అనే వాడుతున్నాం. ప్రొసీజర్ నిర్వచనంలో రాసే పేరు పారామీటర్. కాల్ చేసేటప్పుడు ఆ స్థానంలో ఇచ్చే అసలు విలువ ఆర్గ్యుమెంట్.

స్ట్రింగ్‌కు రెండు కొలతలుంటాయి. ప్రస్తుతం అందులో ఉన్న పాఠం కొలత పొడవు. దానికి కేటాయించిన చోటు కొలత సామర్థ్యం. 20 బైట్ల సామర్థ్యమున్న వేరియబుల్‌లో 6 బైట్ల పేరు ఉండవచ్చు. స్ట్రింగ్‌ను చదివే ప్రొసీజర్‌కు పొడవు తెలిస్తే చాలు. దాన్ని మార్చే ప్రొసీజర్‌కు సామర్థ్యం కూడా తెలియాలి.

పూర్ణాంకం పరిమాణం కంపైలర్‌కు ముందే తెలుసు కాబట్టి దాన్ని రిజిస్టర్‌లోనో స్టాక్‌లోనో పెట్టి పంపవచ్చు. స్ట్రింగ్‌కు ఆ వీలు లేదు. అందువల్ల ప్రతి పద్ధతీ మూడు విషయాలను తేల్చుకోవాల్సి ఉంటుంది:

(అ) పొడవు ఎక్కడ నమోదవుతుంది?
(ఆ) స్ట్రింగ్‌కు చోటు కేటాయించేది, దాన్ని విడుదల చేసేది ఎవరు?
(ఇ) ప్రొసీజర్‌కు స్ట్రింగ్‌ను మార్చే హక్కు ఉందా?

2. చరిత్ర

2.1 తొలి భాషలు

1966 నాటి ఫోర్ట్రాన్ ప్రమాణంలో అక్షరాలకు ప్రత్యేక డేటా టైప్ లేదు. పాఠాన్ని హోలరిత్ స్థిరాంకాలుగా సంఖ్యా వేరియబుల్స్‌లోనే దాచేవారు; పొడవు కావాలంటే ప్రోగ్రామర్ దాన్ని మరో ఆర్గ్యుమెంట్‌గా పంపుకునేవాడు. ఆల్గాల్ 60లో స్ట్రింగ్‌లు ప్రొసీజర్లకు ఆర్గ్యుమెంట్లుగా మాత్రమే పనికొచ్చేవి. స్ట్రింగ్ వేరియబుల్‌ను ప్రకటించుకునే అవకాశం ఆ భాషలో లేదు.

ఐబీఎం 1960ల మధ్యలో రూపొందించిన పీఎల్/వన్ భాష ఈ విషయంలో ముందడుగు వేసింది. గరిష్ఠ పొడవు ప్రకటించి అంతలోపు ఏ పొడవైనా ఉంచుకునే 'వేరీయింగ్' స్ట్రింగ్‌లు అందులో ఉన్నాయి. పారామీటర్ ప్రకటనలో పొడవు బదులు నక్షత్రం గుర్తు పెడితే, ఆర్గ్యుమెంట్ పొడవే పారామీటర్‌కూ వర్తిస్తుంది. ఈ నక్షత్రం సంప్రదాయం ఫోర్ట్రాన్ 77లోనూ కనిపిస్తుంది. ఆ ప్రమాణంలో వచ్చిన క్యారెక్టర్ టైప్‌కు పొడవు స్థానంలో నక్షత్రం రాస్తే, లెన్ అనే అంతర్నిర్మిత ఫంక్షన్‌తో ప్రొసీజర్ అసలు పొడవును తెలుసుకోగలదు.

కోబాల్‌లో కాల్ అయ్యే ప్రోగ్రామ్ తన పారామీటర్లను లింకేజ్ సెక్షన్‌లో స్థిరమైన పొడవుతో ప్రకటిస్తుంది. రెండు వైపులా ప్రకటించిన పొడవులు సరిపోయేలా చూసుకునే బాధ్యత చాలాకాలం ప్రోగ్రామర్‌దే. 2002 కోబాల్ ప్రమాణం 'ఎనీ లెంగ్త్' అనే నిబంధనను చేర్చింది.

2.2 పాస్కల్ సంప్రదాయం

నిక్లాస్ విర్త్ 1970లో వెలువరించిన పాస్కల్‌లో స్ట్రింగ్ అంటే అక్షరాల ప్యాక్డ్ అర్రే. అర్రే పొడవు దాని టైప్‌లో భాగం. అందువల్ల 10 అక్షరాల అర్రేను తీసుకునే ప్రొసీజర్‌కు 20 అక్షరాల అర్రేను పంపితే కంపైలర్ ఒప్పుకోదు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన బ్రయాన్ కర్నిగన్ 1981లో పాస్కల్‌పై రాసిన విమర్శా వ్యాసంలో చూపిన ప్రధాన లోపాల్లో ఇదొకటి. 1983లో వచ్చిన ఐఎస్ఓ 7185 ప్రమాణం తన ఒకటో స్థాయిలో కన్ఫార్మెంట్ అర్రే పారామీటర్లను ప్రవేశపెట్టింది. వీటిలో అర్రే హద్దులు కూడా ఆర్గ్యుమెంట్‌తో పాటు ప్రొసీజర్‌కు అందుతాయి.

కంపైలర్ తయారీదారులు ప్రమాణం కోసం ఆగలేదు. యూసీఎస్‌డీ పాస్కల్ మొదటి బైట్‌లో పొడవును దాచే స్ట్రింగ్ టైప్‌ను ఇచ్చింది. ఒక్క బైట్‌లో పట్టే గరిష్ఠ సంఖ్య 255 కాబట్టి స్ట్రింగ్ గరిష్ఠ పొడవూ అంతే. 1983లో వచ్చిన బోర్లాండ్ టర్బో పాస్కల్ ఇదే రూపాన్ని అనుసరించింది. 1996 నాటి డెల్ఫీ 2 ఆ హద్దును తొలగించి, రిఫరెన్స్ కౌంట్ ఉండే పొడవాటి స్ట్రింగ్‌లను తెచ్చింది.

2.3 సీ సంప్రదాయం

మార్టిన్ రిచర్డ్స్ రూపొందించిన బీసీపీఎల్ భాష స్ట్రింగ్ మొదటి బైట్‌లో పొడవును ఉంచేది. దాని నుంచి పుట్టిన బీ భాష ఆ పద్ధతి వదిలి చివర ఒక ముగింపు గుర్తు పెట్టింది. తరువాత డెనిస్ రిచీ రూపొందించిన సీ భాషలో ఆ గుర్తు సున్నా విలువ గల బైట్ అయింది. పొడవును చిన్న గడిలో ఉంచితే స్ట్రింగ్ పొడవుకు హద్దు ఏర్పడుతుందని, లెక్కను ఎప్పటికప్పుడు నిలుపుకోవడం కంటే ముగింపు గుర్తు సౌకర్యంగా ఉంటుందని భావించడమే ఈ మార్పుకు కారణమని రిచీ సీ భాష పరిణామంపై రాసిన వ్యాసంలో వివరించారు.

2.4 అడా, తరువాతి భాషలు

అడా 83లో స్ట్రింగ్ అంటే హద్దులు ముందుగా నిర్ణయించని అక్షరాల అర్రే. పారామీటర్ తన హద్దులను ఆర్గ్యుమెంట్ నుంచి తీసుకుంటుంది. ఫస్ట్, లాస్ట్, లెంగ్త్ అనే లక్షణాలతో ప్రొసీజర్ వాటిని చదువుతుంది. ఒక స్ట్రింగ్‌లో 5 నుంచి 9 వరకు ఉన్న ముక్కను పంపితే, ప్రొసీజర్‌లో కూడా ఆ ముక్క మొదటి సూచిక 5గానే ఉంటుంది. సూచిక 1తోనే మొదలవుతుందని ఊహించి రాసిన కోడ్ ఇక్కడ తప్పుతుంది. అడా 95 స్థిర, పరిమిత, అపరిమిత పొడవుల స్ట్రింగ్‌లకు మూడు వేర్వేరు ప్యాకేజీలు ఇచ్చింది.

1990ల నుంచి వాడుకలోకి వచ్చిన పైథాన్, జావా, సీ షార్ప్‌లలో స్ట్రింగ్ ఒక ఆబ్జెక్ట్. పొడవును అదే తనతో మోసుకెళ్తుంది. 2010ల నాటికి గో, రస్ట్ భాషలు, 2017 సీ ప్లస్ ప్లస్ ప్రమాణంలోని స్ట్రింగ్ వ్యూ టైప్, అడ్రస్‌నూ పొడవునూ జంటగా పంపే పద్ధతిని మళ్లీ ముందుకు తెచ్చాయి.

3. పొడవును తెలిపే పద్ధతులు

'తెలుగు' అన్న మాట యూటీఎఫ్-8 సంకేతంలో 18 బైట్లు. మొదటి మూడు బైట్లు (224, 176, 164) 'త'కు, తరువాతి మూడు (224, 177, 134) ఎత్వానికి, చివరి మూడు (224, 177, 129) కొమ్ముకు చెందుతాయి. ఈ 18 బైట్లు ప్రొసీజర్‌కు వేర్వేరు పద్ధతుల్లో ఇలా చేరతాయి.

3.1 ముందు పొడవు: మెమరీలో మొదట 18 అన్న సంఖ్య, ఆ తరువాత పాఠం ఉంటాయి. పొడవుకు ఒక బైట్ వాడితే మొత్తం 19 బైట్లు. పొడవు వెంటనే తెలుస్తుంది. పాఠంలో సున్నా బైట్ ఉన్నా ఇబ్బంది లేదు. స్ట్రింగ్ మధ్య ముక్కను కాపీ చేయకుండా పంపడం మాత్రం కుదరదు, ఎందుకంటే ఆ ముక్క ముందు పొడవు రాయడానికి చోటుండదు.

3.2 చివర గుర్తు: పాఠం ముగిశాక సున్నా బైట్ ఉంటుంది. ఇక్కడా మొత్తం 19 బైట్లే. మొదటి బైట్ అడ్రస్ ఒక్కటి పంపితే చాలు. పొడవుకు హద్దు లేదు. పొడవు తెలియాలంటే మాత్రం చివరి వరకు లెక్కించుకుంటూ పోవాలి. సామర్థ్యం ఎంతో ఎక్కడా నమోదు కాదు.

3.3 డిస్క్రిప్టర్: పాఠం ఒక చోట, దాని అడ్రస్, పొడవు వేరొక చోట ఉంటాయి. ప్రొసీజర్‌కు డిస్క్రిప్టర్ చేరుతుంది. వ్యాక్స్ కంప్యూటర్ల వీఎంఎస్ సిస్టమ్‌లో డిస్క్రిప్టర్ 8 బైట్లు: పొడవుకు 2, డేటా టైప్‌కు 1, డిస్క్రిప్టర్ తరగతికి 1, అడ్రస్‌కు 4. ఆ సిస్టమ్‌లోని వేర్వేరు భాషలు ఒకదాన్నొకటి కాల్ చేసుకోవడానికి ఇది ఉమ్మడి రూపంగా ఉపయోగపడింది. నేటి 64 బిట్ యంత్రాల్లో గో స్ట్రింగ్, రస్ట్ స్ట్రింగ్ స్లైస్ ఒక్కొక్కటి 16 బైట్ల జంట: అడ్రస్‌కు 8, పొడవుకు 8.

3.4 దాగిన ఆర్గ్యుమెంట్: ప్రోగ్రామర్ స్ట్రింగ్‌ను మాత్రమే రాస్తాడు, పొడవును కంపైలర్ తనంతట తానే మరో ఆర్గ్యుమెంట్‌గా చేరుస్తుంది. చాలా ఫోర్ట్రాన్ కంపైలర్లు ఈ పొడవును ఆర్గ్యుమెంట్ల జాబితా చివర పెడతాయి.

3.5 ఆబ్జెక్ట్ రిఫరెన్స్: పొడవు, సంకేత విధానం, పాఠం ఒకే ఆబ్జెక్ట్‌లో ఉంటాయి. ప్రొసీజర్‌కు ఆబ్జెక్ట్ రిఫరెన్స్ చేరుతుంది. ఆబ్జెక్ట్‌ను విడుదల చేసే పని రన్‌టైమ్‌దే.

4. ఆర్గ్యుమెంట్‌ను అందించే తీరులు

4.1 విలువగా పంపడం: ప్రొసీజర్‌కు సొంత కాపీ దొరుకుతుంది. అది ఏం మార్చినా కాల్ చేసిన చోట ప్రభావం ఉండదు. స్ట్రింగ్ పెద్దదైతే కాపీకి సమయం, మెమరీ ఖర్చవుతాయి.

4.2 రిఫరెన్స్‌గా పంపడం: ప్రొసీజర్ అసలు స్ట్రింగ్‌పైనే పనిచేస్తుంది. పాస్కల్‌లో వార్, సీ షార్ప్‌లో రెఫ్, విజువల్ బేసిక్‌లో బైరెఫ్ దీనికి గుర్తులు. కాపీ ఖర్చు లేదు కానీ, మార్చేటప్పుడు సామర్థ్యం దాటకుండా చూసుకోవాలి.

4.3 చదవడానికి మాత్రమే పంపడం: అడ్రస్ వెళ్తుంది, మార్చే హక్కు వెళ్లదు. సీ ప్లస్ ప్లస్‌లో కాన్‌స్ట్ రిఫరెన్స్, డెల్ఫీలో కాన్‌స్ట్ పారామీటర్, అడాలో 'ఇన్' విధానం ఈ కోవలోవి. కాపీ చేయకుండానే అసలు పాఠానికి రక్షణ దొరుకుతుంది.

4.4 మార్చలేని స్ట్రింగ్‌లు: జావా, పైథాన్, సీ షార్ప్, గో భాషల్లో ఒకసారి తయారైన స్ట్రింగ్ మారదు. పారామీటర్‌కు ప్రొసీజర్ కొత్త విలువ ఇస్తే, ఆ పేరు కొత్త ఆబ్జెక్ట్‌ను సూచించడం మొదలవుతుందే తప్ప కాల్ చేసిన చోట ఉన్న స్ట్రింగ్ అలాగే ఉంటుంది. మార్పు బయటికి తెలియాలంటే కొత్త స్ట్రింగ్‌ను తిరిగి ఇవ్వాలి, లేదా స్ట్రింగ్ బిల్డర్ లాంటి మార్చదగిన ఆబ్జెక్ట్‌ను పంపాలి. జావాలో స్ట్రింగ్ బిల్డర్ 2004లో ఐదో వెర్షన్‌తో వచ్చింది.

4.5 యాజమాన్యం అప్పగించడం: రస్ట్‌లో స్ట్రింగ్ టైప్ విలువను నేరుగా పంపితే దాని యాజమాన్యం ప్రొసీజర్‌కు వెళ్లిపోతుంది, కాల్ చేసిన కోడ్ ఆ తరువాత దాన్ని వాడలేదు. చదవడానికి మాత్రమే కావాలనుకుంటే స్ట్రింగ్ స్లైస్‌ను అరువుగా ఇస్తారు. అరువు కాలం అసలు స్ట్రింగ్ ఉనికిని మించకుండా కంపైలర్ తనిఖీ చేస్తుంది.

5. ఉదాహరణ: టర్బో పాస్కల్‌లో వార్ పారామీటర్

పొడవుకూ సామర్థ్యానికీ ఉన్న తేడా టర్బో పాస్కల్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ భాషలో 20 అక్షరాల స్ట్రింగ్ వేరియబుల్ 21 బైట్లు తీసుకుంటుంది: పొడవుకు 1, పాఠానికి 20. పొడవు రాయకుండా 'స్ట్రింగ్' అని మాత్రమే ప్రకటిస్తే 256 బైట్లు.

'స్ట్రింగ్' టైప్ వార్ పారామీటర్ గల ప్రొసీజర్‌కు 20 అక్షరాల వేరియబుల్‌ను పంపితే కంపైలర్ మామూలుగా టైప్ కుదరలేదని ఆపేస్తుంది. వీ అనే కంపైలర్ డైరెక్టివ్‌తో ఈ తనిఖీని తీసేయవచ్చు. అప్పుడు కాల్ జరుగుతుంది కానీ, ప్రొసీజర్ దృష్టిలో తనకు 255 అక్షరాల చోటుంది. అది 30 అక్షరాల పాఠాన్ని రాసిందనుకుందాం. పొడవు బైట్‌తో కలిపి 31 బైట్లు పడతాయి. వేరియబుల్‌కు ఉన్నది 21 బైట్లే. మిగిలిన 10 బైట్లు పక్కనున్న వేరియబుల్స్‌పై పడతాయి. ఆ క్షణంలో ఏ ఎర్రర్ సందేశమూ రాదు. పాడైన వేరియబుల్‌ను ప్రోగ్రామ్ మరెక్కడో వాడినప్పుడు తప్పు బయటపడుతుంది.

పొడవు బైట్ స్ట్రింగ్‌తోనే ఉన్నా ఈ ప్రమాదం తప్పలేదు, ఎందుకంటే అందులో నమోదయ్యేది ప్రస్తుత పొడవే. దీనికి పరిష్కారంగా 1992 నాటి ఏడో వెర్షన్ ఓపెన్ స్ట్రింగ్ పారామీటర్లను ఇచ్చింది. వీటికి కంపైలర్ ప్రకటిత సామర్థ్యాన్ని కూడా దాగిన ఆర్గ్యుమెంట్‌గా పంపుతుంది. ప్రొసీజర్‌లో హై అనే ఫంక్షన్‌ను అడిగితే 20 అని జవాబు వస్తుంది.

6. ప్రొసీజర్ నుంచి స్ట్రింగ్‌ను తిరిగి పొందడం

ప్రొసీజర్ తయారుచేసే స్ట్రింగ్ పొడవు కాల్ చేసే కోడ్‌కు ముందుగా తెలియదు. దీనికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి.

6.1 కాల్ చేసేవారే బఫర్ ఇవ్వడం: బఫర్ అడ్రస్, దాని సామర్థ్యం రెండూ పంపుతారు. విండోస్‌లో కిటికీ శీర్షికను చదివే గెట్ విండో టెక్స్ట్ ఫంక్షన్ ఇలాంటిదే. ఎన్ని అక్షరాలు రాసిందో అది తిరిగి చెబుతుంది. విజువల్ బేసిక్ ప్రోగ్రామర్లు ముందుగా 255 ఖాళీలతో స్ట్రింగ్ తయారుచేసి పంపి, ఫలితంగా వచ్చిన సంఖ్య మేరకు ఎడమ భాగాన్ని కత్తిరించుకునేవారు.

6.2 రెండుసార్లు కాల్ చేయడం: మొదటి కాల్‌లో ఎంత చోటు కావాలో తెలుసుకుని, అంత కేటాయించి, రెండో కాల్‌లో పాఠాన్ని తీసుకుంటారు. 1999 సీ ప్రమాణంలోని ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కు సామర్థ్యం సున్నాగా ఇస్తే ఏమీ రాయకుండా అవసరమైన పొడవును మాత్రం చెబుతుంది. ముగింపు సున్నాకు మరో బైట్ కలుపుకోవాలి.

6.3 ప్రొసీజరే చోటు కేటాయించడం: ఆబ్జెక్ట్ భాషల్లో ఇది సహజ పద్ధతి. సీ భాషలో అయితే ఆ చోటును ఎవరు, ఏ ఫంక్షన్‌తో విడుదల చేయాలో ముందే ఒప్పందం ఉండాలి. లేకపోతే మెమరీ లీక్ అవుతుంది, లేదా ఒకే చోటును రెండుసార్లు విడుదల చేసే తప్పు జరుగుతుంది.

7. భాషల సరిహద్దులు దాటే కాల్స్

ఒక భాషలోని కోడ్ మరో భాషలోని ప్రొసీజర్‌ను కాల్ చేసినప్పుడు స్ట్రింగ్ రూపాన్ని మార్చాల్సి రావచ్చు. విండోస్ కామ్ సాంకేతికతలో వాడే బీఎస్‌టీఆర్ రెండు పద్ధతులనూ కలుపుతుంది: పాఠానికి ముందు 4 బైట్ల పొడవు, చివర సున్నా, పాయింటర్ చూపేది పాఠం మొదలును. డెల్ఫీ పొడవాటి స్ట్రింగ్‌లోనూ పొడవు పాఠానికి ముందు, సున్నా చివర ఉంటాయి. అందువల్ల సీ ఫంక్షన్లకు దాన్ని కాపీ లేకుండా పంపవచ్చు.

ఫోర్ట్రాన్, సీ సరిహద్దు దగ్గర దాగిన ఆర్గ్యుమెంట్ చాలాకాలం గమనించని తేడాగా ఉండిపోయింది. ల్యాప్యాక్ గణిత లైబ్రరీలోని చాలా సబ్‌రొటీన్లు ఒక్క అక్షరం పొడవున్న ఐచ్ఛిక సంకేతాలను తీసుకుంటాయి. వాటి పొడవు ఎప్పుడూ 1 కాబట్టి, సీ నుంచి కాల్ చేసే అనేక ప్రోగ్రామ్‌లు దాగిన పొడవును పంపకుండా వదిలేశాయి. ఏళ్ల తరబడి అది పనిచేసింది. 2019లో జీఫోర్ట్రాన్ కంపైలర్ చేసే ఒక ఆప్టిమైజేషన్ వల్ల, రాని ఆర్గ్యుమెంట్‌కు చెందాల్సిన స్టాక్ స్థలంలో రాత జరిగి, ఆర్ భాష ప్యాకేజీల్లో లోపాలు బయటపడ్డాయి. కంపైలర్‌లో తాత్కాలిక ఉపశమనంగా ఒక ఆప్షన్‌ను చేర్చారు. ఫోర్ట్రాన్ 2003 ప్రమాణం సీతో అనుసంధానానికి నిర్దిష్ట నియమాలు ఇచ్చింది.

8. డేటాబేస్ స్టోర్డ్ ప్రొసీజర్లు

స్టోర్డ్ ప్రొసీజర్లలో పొడవు మారే స్ట్రింగ్‌లకు సాధారణంగా వార్‌చార్ టైప్ వాడతారు. పారామీటర్‌పై రాసిన పొడవును ఒక్కో డేటాబేస్ ఒక్కో రకంగా చూస్తుంది.

ఒరాకిల్ పీఎల్/ఎస్‌క్యూఎల్‌లో పారామీటర్ ప్రకటనలో పొడవు రాయడానికి వీల్లేదు. టైప్ పేరు మాత్రమే రాయాలి, పొడవు ఆర్గ్యుమెంట్‌ను బట్టి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పొడవును రాయనిస్తుంది కానీ, ఫంక్షన్ పారామీటర్ విషయంలో దాన్ని పట్టించుకోదు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పారామీటర్ పొడవు రాయకపోతే అది 1గా లెక్క. ప్రకటించిన పొడవు కంటే పెద్ద స్ట్రింగ్ పంపితే ఎర్రర్ ఇవ్వకుండా మిగతాదాన్ని కత్తిరిస్తుంది. ఒక డేటాబేస్ నుంచి మరో డేటాబేస్‌కు ప్రొసీజర్లను మార్చేటప్పుడు ఈ తేడాలను విడిగా సరిచూసుకోవాలి.

9. యూనికోడ్, తెలుగు పాఠం

ఆంగ్ల పాఠంలో ఒక అక్షరానికి ఒక బైట్ సరిపోయిన రోజుల్లో పొడవు అంటే ఏమిటన్న సందేహం రాలేదు. తెలుగు వంటి లిపులకు ఆ సమీకరణం వర్తించదు. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. వీటిలో ప్రతి సంకేతానికీ యూటీఎఫ్-8లో 3 బైట్లు, యూటీఎఫ్-16లో 2 బైట్లు పడతాయి.

కంటికి మూడు అక్షరాలుగా కనిపించే 'తెలుగు' పొడవును అడిగితే గో, రస్ట్ భాషలు 18 అని బైట్లలో చెబుతాయి. పైథాన్, జావా 6 అంటాయి. పైథాన్ యూనికోడ్ సంకేతాలను, జావా యూటీఎఫ్-16 యూనిట్లను లెక్కిస్తుంది. స్విఫ్ట్ 3 అంటుంది. పొడవును విడిగా ఆర్గ్యుమెంట్‌గా పంపే చోట ఏ యూనిట్ ఉద్దేశించారో ప్రొసీజర్ వివరణలో స్పష్టం చేయాలి.

కత్తిరింపులోనూ ఇదే సమస్య. 10 బైట్ల హద్దు గల పారామీటర్‌కు 'తెలుగు' పంపితే 'తెల' వరకు 9 బైట్లు పూర్తవుతాయి. పదో బైట్‌లో తరువాతి కొమ్ముకు చెందిన మొదటి బైట్ ఒక్కటే మిగిలి, పాఠం చెల్లని యూటీఎఫ్-8 అవుతుంది. సంకేతాల హద్దులో కత్తిరించినా అక్షరం చెడవచ్చు: నాలుగు సంకేతాల 'శ్రీ'ని రెండింటి తరువాత తుంచితే 'శ్' మిగులుతుంది. 255 బైట్ల పాస్కల్ స్ట్రింగ్‌లో పట్టే తెలుగు సంకేతాలు 85 మాత్రమే.

10. లోపాలు, భద్రత

10.1 బఫర్ ఓవర్‌ఫ్లో: సామర్థ్యం తెలియకుండా రాసే ప్రొసీజర్ ఇచ్చిన చోటును దాటుతుంది. సీ భాషలోని గెట్స్ ఫంక్షన్ బఫర్ అడ్రస్‌ను మాత్రమే తీసుకునేది. 1988 నవంబర్ 2న ఇంటర్నెట్‌లో వ్యాపించిన మోరిస్ వర్మ్ వాడుకున్న మార్గాల్లో ఒకటి ఫింగర్ సర్వర్ ప్రోగ్రామ్‌లోని గెట్స్ కాల్. అక్కడి 512 బైట్ల బఫర్‌కు వర్మ్ 536 బైట్లు పంపింది. 2011 సీ ప్రమాణం గెట్స్‌ను తొలగించింది. సామర్థ్యాన్ని కూడా తీసుకునే ఎఫ్‌గెట్స్ దాని స్థానంలో వాడుకలో ఉంది.

10.2 ముగింపు గుర్తు లేకపోవడం: సీలోని స్ట్ర్‌ఎన్‌కాపీ పాఠం బఫర్‌కు సరిగ్గా సమానమైనా, అంతకు మించినా చివరి సున్నాను రాయదు. తరువాత చదివే ప్రొసీజర్ హద్దు దాటి చదువుతుంది. దీనికి ప్రత్యామ్నాయంగా 1998లో ఓపెన్‌బీఎస్‌డీ స్ట్ర్‌ఎల్‌కాపీని ప్రవేశపెట్టింది. గ్నూ సీ లైబ్రరీలో అది 2023లో చేరింది.

10.3 పొడవుల మధ్య విభేదం: పొడవును విడిగా పంపే పద్ధతిలో, చెప్పిన పొడవు అసలు పాఠానికి సరిపోతుందో లేదో తనిఖీ చేయాలి. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపానికి మూలం ఇదే. అవతలి వైపు చెప్పిన పొడవును ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సరిచూడకుండా నమ్మి, ఒక్కో విన్నపానికి 64 కిలోబైట్ల వరకు ఇతర మెమరీని కూడా కాపీ చేసి పంపేది.

10.4 మధ్యలో సున్నా: పొడవు ముందుండే స్ట్రింగ్‌లో సున్నా బైట్ ఉండవచ్చు. అదే స్ట్రింగ్ సీ ప్రొసీజర్‌కు చేరితే అక్కడితో ముగిసినట్టు కనిపిస్తుంది. భద్రతా సర్టిఫికెట్లలోని పేర్లతో ఈ తేడాను వాడుకుని మోసగించవచ్చని 2009లో మాక్సీ మార్లిన్‌స్పైక్, డాన్ కమిన్‌స్కీ విడివిడిగా చూపారు.

10.5 ఉనికి ముగిసిన స్ట్రింగ్: స్ట్రింగ్ వ్యూ లాంటి టైప్‌లు పాఠాన్ని సొంతం చేసుకోవు. అసలు స్ట్రింగ్ విడుదలయ్యాక కూడా ప్రొసీజర్ ఆ వ్యూను దాచుకుని వాడితే చెల్లని మెమరీని చదివినట్టవుతుంది.

11. వేగం, మెమరీ ఖర్చు

కాపీ ఖర్చు స్ట్రింగ్ పొడవుతో పాటు పెరుగుతుంది. అడ్రస్, పొడవు జంటను పంపే ఖర్చు స్ట్రింగ్ ఎంతున్నా ఒకటే. చివర గుర్తు పద్ధతిలో అడ్రస్ పంపడం చవకే కానీ, పొడవు అడిగిన ప్రతిసారీ మొత్తం చదవాలి. ఒక లూప్‌లో ఈ లెక్కింపు పదే పదే జరిగితే పని పాఠం పొడవు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. జీటీఏ ఆన్‌లైన్ ఆట మొదలవడానికి చాలా ఆలస్యం కావడానికి ఇదొక కారణమని 2021లో ఒక స్వతంత్ర ప్రోగ్రామర్ కనుగొన్నారు. సుమారు 10 మెగాబైట్ల పాఠాన్ని చదువుతున్న ఫంక్షన్ ప్రతి అంశానికీ మిగిలిన పాఠం పొడవును మళ్లీ లెక్కిస్తోంది. ఈ లోపాన్నీ మరో లోపాన్నీ సరిచేస్తే లోడింగ్ సమయం సుమారు 70 శాతం తగ్గింది.

చిన్న స్ట్రింగ్‌లకు హీప్ కేటాయింపు తప్పించడానికి సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలు, స్విఫ్ట్ వాటిని ఆబ్జెక్ట్ లోపలే దాస్తాయి. 64 బిట్ స్విఫ్ట్‌లో ఈ హద్దు 15 బైట్లు, అంటే ఐదు తెలుగు సంకేతాలు.

12. ప్రాముఖ్యం, ప్రస్తుత స్థితి

ఫైల్ పేర్లు, వెబ్ చిరునామాలు, డేటాబేస్ ప్రశ్నలు, వినియోగదారు టైప్ చేసే సమాచారం అన్నీ ప్రొసీజర్ల మధ్య స్ట్రింగ్‌లుగానే ప్రయాణిస్తాయి. అందువల్ల ఈ ఒప్పందాలు ప్రోగ్రామ్ సరితనాన్ని, వేగాన్ని, భద్రతను నేరుగా ప్రభావితం చేస్తాయి.

ఆపరేటింగ్ సిస్టమ్‌ల ఇంటర్‌ఫేస్‌లలో సీ రూపం విస్తృతంగా కొనసాగుతోంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో ఫైల్ తెరిచే కాల్ ఇప్పటికీ సున్నాతో ముగిసే పేరునే తీసుకుంటుంది. విండోస్ కెర్నెల్ మాత్రం పొడవు, గరిష్ఠ పొడవు, బఫర్ అడ్రస్ అనే మూడు అంశాల నిర్మాణాన్ని వాడుతుంది. కొత్త భాషలు చదివే పారామీటర్లకు అడ్రస్, పొడవు జంటను, మార్చే పారామీటర్లకు సామర్థ్యాన్ని కూడా మోసే యాజమాన్య టైప్‌ను వేరుచేస్తున్నాయి. ఈ రెండు ప్రపంచాలు కలిసే చోట కాపీ, ముగింపు సున్నా చేర్పు, సంకేత విధాన మార్పిడి తప్పడం లేదు.

ఇవి కూడా చూడండి

అర్రే, కాలింగ్ కన్వెన్షన్, పాయింటర్, బఫర్ ఓవర్‌ఫ్లో, యూనికోడ్, రిఫరెన్స్ కౌంటింగ్, స్టోర్డ్ ప్రొసీజర్, హోలరిత్ స్థిరాంకం